ఈమెయిల్ ప్రచారంలో సంస్థలు చేసే తప్పులు: లక్ష చిరునామాలు కొనాలా అన్న ప్రశ్నకు సమాధానం

మీ సంస్థ వద్ద 40,000 మంది ఈమెయిల్ చిరునామాలు ఉన్నాయని, వారానికి ఒక మెయిల్ పంపిన రోజుల్లో జరిగిన అమ్మకాలు ఇప్పుడు వారానికి మూడు పంపుతున్నా జరగడం లేదని, అయినా ఓపెన్ రేటు (మెయిల్ తెరిచినవారి శాతం) మాత్రం తగ్గినట్టు కనిపించడం లేదని, ఈ పరిస్థితిలో మరో లక్ష చిరునామాలు కొనమని ఒక మార్కెటింగ్ ఏజెన్సీ సలహా ఇచ్చిందని మీరు రాశారు. కొనడం మంచిదేనా, మేము ఎక్కడ పొరపాటు చేస్తున్నాం అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు: కొనవద్దు. రెండవదానికి కొంత వివరంగా చెప్పాలి. మెయిళ్ల సంఖ్య పెరగడం, అమ్మకాలు పడిపోవడం, ఓపెన్ రేటు నిలకడగా ఉండడం అనే ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవే.

పదిహేనేళ్లకు పైగా వేర్వేరు సంస్థల మెయిల్ వ్యవహారాలు చూస్తున్నాను. నేను చూసిన తప్పుల్లో చాలావాటికి మూలం ఒకే భావన: మెయిల్ పంపడానికి ఖర్చేమీ లేదు కదా, ఇంకొకటి పంపితే పోయేదేముంది అన్నది. పత్రికలో ప్రకటన వేయాలంటే డబ్బు కట్టాలి కాబట్టి నాలుగుసార్లు ఆలోచిస్తారు. మెయిల్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ఉండదు. నిజానికి ఖర్చు ఉంది, కాకపోతే అది బిల్లు రూపంలో రాదు. మీ డొమైన్ (ఈమెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) మీద మెయిల్ సేవల సంస్థలు ఒక ఖాతా నడుపుతుంటాయి. మీ మెయిల్‌ను ఎందరు చదివారు, ఎందరు చదవకుండా తీసేశారు, ఎందరు స్పామ్ అని నొక్కారు, ఎన్ని చిరునామాలు అసలు లేవని తిరిగి వచ్చాయి అన్నదంతా అందులో జమవుతుంది. ఆ ఖాతాలో మంచి పేరు తరిగిపోతే తర్వాత పంపే ప్రతి మెయిలూ, అది ఎంత ముఖ్యమైనదైనా సరే, స్పామ్ ఫోల్డర్ వైపు జారుతుంది.

ఇప్పుడు కొనే జాబితా సంగతి. అమ్మకానికి వచ్చే చిరునామాలు ఎక్కువగా వెబ్‌సైట్ల నుంచి ప్రోగ్రాములతో ఏరినవో, ఎక్కడో లీకైనవో, బహుమతి పోటీల పేరుతో వేరే ఎవరో సేకరించినవో అయి ఉంటాయి. వాటిలో మనుషులు ఎన్నడూ వాడని చిరునామాలు కూడా కలిసి ఉంటాయి. వీటిని స్పామ్ ట్రాప్‌లు అంటారు. కొన్నింటిని కేవలం వల వేయడం కోసమే సృష్టించి, ప్రోగ్రాములకు మాత్రమే దొరికేలా పేజీల్లో దాచి ఉంచుతారు. మరికొన్ని ఒకప్పుడు నిజమైన మనుషులవే. వారు వదిలేశాక కొంతకాలం ‘ఈ చిరునామా లేదు’ అని జవాబు వచ్చేలా ఉంచి, ఆ తర్వాత వలగా మారుస్తారు. ఏ మనిషీ తన చేత్తో ఇవ్వని చిరునామాకు మీ నుంచి మెయిల్ వచ్చిందంటే మీరు దాన్ని కొన్నారనో ఏరారనో తేలిపోయినట్టే. 1998 నుంచి పనిచేస్తున్న స్పామ్‌హౌస్ వంటి సంస్థలు ఇలాంటి సమాచారంతోనే నిరోధక జాబితాలు తయారు చేస్తాయి. ప్రపంచంలో ఎన్నో మెయిల్ సర్వర్లు ఆ జాబితాలు చూసి తలుపు తీయాలో వద్దో నిర్ణయించుకుంటాయి.

అడగని వారికి పంపడం కొత్త ఆలోచనేమీ కాదు. 1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు చెందిన గ్యారీ థర్క్, ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్‌లో ఉన్న సుమారు 400 మందికి కొత్త కంప్యూటర్ల ప్రదర్శన గురించి ఒకే సందేశం పంపారు. చాలామంది మండిపడ్డారు, అయినా దానివల్ల అమ్మకాలు జరిగాయని ఆయన తర్వాత చెప్పుకున్నారు. మీ ఏజెన్సీ ఆలోచన కూడా ఇదే దారిలో ఉంది. అయితే అప్పుడు మెయిల్ పెట్టె ముందు కాపలా ఎవరూ లేరు, ఇప్పుడు ఉన్నారు.

చట్టం సంగతి కూడా కొద్దిగా చెబుతాను. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం సమ్మతి అంటే స్పష్టంగా, ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం ఇచ్చినదై ఉండాలి, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందికి రాదు. కెనడా 2014 జులై 1 నుంచి ఇంచుమించు ఇదే బాటలో ఉంది. అమెరికాలో 2003 నాటి చట్టం ముందస్తు సమ్మతిని కోరదు కానీ, మోసపూరితమైన సబ్జెక్ట్ లైన్ ఉండకూడదని, పంపేవారి పోస్టల్ చిరునామా ఉండాలని, వద్దన్నవారికి 10 పనిదినాల్లోగా ఆపేయాలని చెబుతుంది. ఈ అమెరికా చట్టాన్ని చూపించి ‘చట్టం ఒప్పుకుంటుంది’ అనే ఏజెన్సీలు ఉన్నాయి. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఇన్‌బాక్స్ తలుపు తెరుచుకోదు. ఆ తలుపు జీమెయిల్, యాహూ, అవుట్‌లుక్ వంటి సేవల చేతిలో ఉంది, వాటి నిబంధనలు చట్టం కంటే కఠినంగా ఉన్నాయి.

ఒక సంఘటన చెబితే ఇది బాగా అర్థమవుతుంది. నేను పనిచేసిన ఒక సంస్థలో పాత కంప్యూటర్‌లో ఏళ్ల నాటి వినియోగదారుల చిరునామాలు దొరికాయి. కొన్నవి కావు, సొంతవే. త్రైమాసికం ముగింపు దగ్గర పడింది, లక్ష్యం అందలేదు. ఎవరినీ అడగకుండా ఒక ఉదయం ఆ జాబితా మొత్తానికి ఒకేసారి ఆఫర్ మెయిల్ పంపేశారు. గంటలోపే ‘ఈ చిరునామా లేదు’ అనే తిరుగు సందేశాలు వరదలా వచ్చాయి. మధ్యాహ్నానికి సహాయ కేంద్రం ఫోన్లు మోగడం మొదలైంది, కానీ ఆ ఫోన్లు ఆఫర్ గురించి కావు. ‘పాస్‌వర్డ్ మార్చుకోవడానికి లింకు పంపామన్నారు, రాలేదు’, ‘డబ్బు కట్టాను, రసీదు రాలేదు’ అని. ప్రచార మెయిళ్లూ రసీదులూ ఒకే డొమైన్ నుంచి, ఒకే సర్వర్ నుంచి వెళ్లేవి. ప్రచారం చేసిన తప్పుకు రసీదులు శిక్ష అనుభవించాయి. ఒక మహిళ మూడుసార్లు ఫోన్ చేసి, చివరకు తన డబ్బు వెనక్కి ఇచ్చేయమని అడగడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమెకు ఆ ఆఫర్ మెయిల్ వెళ్లనే లేదు. పేరు మళ్లీ నిలబడడానికి రెండు నెలలకు పైగా పట్టింది.

అందుకే మొట్టమొదట చేయవలసిన ఏర్పాటు, ప్రచార మెయిళ్లను ఒక ఉపడొమైన్ నుంచి, రసీదులు, ఓటీపీల వంటి తప్పనిసరి మెయిళ్లను వేరొక ఉపడొమైన్ నుంచి పంపడం. దీనివల్ల ప్రమాదం పూర్తిగా పోదు కానీ, ఒకదాని మరక రెండవదానికి అంత సులువుగా అంటదు.

జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారికి కొత్త నిబంధనలు అమలు చేస్తున్నాయి. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి పంపేవారు పెద్ద పంపకందారుల కిందికి వస్తారని జీమెయిల్ చెప్పింది. మీ 40,000 జాబితాతో మీరు ఆ గీత దాటే ఉంటారు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 శాతం లోపే ఉంచుకోవడం మంచిదని ఆ నిబంధనల సారాంశం. శాతాలుగా చూస్తే ఇది అంత భయపెట్టదు. లెక్క వేసి చూడండి: ఇన్‌బాక్స్ చేరిన 5,000 మెయిళ్లలో 15 మంది స్పామ్ అని నొక్కితే మీరు 0.3 శాతానికి చేరినట్టే. 15 మంది! కొన్న జాబితాలో మీరెవరో తెలియని లక్ష మందిలో ఎందరు నొక్కుతారో ఊహించుకోండి.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక చిక్కు ఉంది. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో కనిపించే ఫిర్యాదుల శాతాన్ని ఇన్‌బాక్స్‌కు చేరిన మెయిళ్ల మీద లెక్కిస్తారు. మీ మెయిళ్లలో ఎక్కువ భాగం నేరుగా స్పామ్ ఫోల్డర్‌లోకే పోతుంటే వాటి మీద ఫిర్యాదు చేసేవారెవరూ ఉండరు కాబట్టి ఆ శాతం చాలా తక్కువగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. పరిస్థితి అధ్వాన్నమైనప్పుడే అంకె అందంగా ఉంటుందన్నమాట. ఆ అంకె తగ్గుతూ, దానితో పాటే క్లిక్కులు కూడా పడిపోతుంటే సంతోషించకండి, అనుమానించండి.

మీ ఓపెన్ రేటు కథ కూడా ఇలాంటిదే. మెయిల్ తెరిచారా లేదా అన్నది అందులో దాచిన ఒక చిన్న, కనబడని బొమ్మ సర్వర్ నుంచి దిగిందా లేదా అన్న దాన్నిబట్టి లెక్కిస్తారు. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో పాటు యాపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యతా రక్షణ తెచ్చింది. దాన్ని ఎంచుకున్నవారి విషయంలో, మనిషి మెయిల్ తెరవకపోయినా బొమ్మలు ముందుగానే దిగిపోతాయి. అంటే వారు మీ మెయిల్ ముఖం చూడకపోయినా మీ నివేదికలో ‘తెరిచారు’ అనే పడుతుంది. కంపెనీల భద్రతా సాఫ్ట్‌వేర్లు మెయిల్‌లోని లింకులను ముందుగా తామే నొక్కి పరీక్షిస్తాయి కాబట్టి క్లిక్కుల్లో కూడా కొన్ని మనుషులవి కావు. మెయిల్ వెళ్లిన కొన్ని సెకన్లలోపే, అన్ని లింకుల మీదా వరసగా పడిన క్లిక్కులు చూశారంటే అవి అలాంటివే అనుకోవచ్చు. ఈ పరిస్థితిలో ఓపెన్ రేటు చూసి సబ్జెక్ట్ లైన్లు ఎంచుకోవడం, ‘ఓపెన్ రేటు బాగుంది కనుక ఇంకా పంపుదాం’ అనుకోవడం, మీరు చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి అని నా అభిప్రాయం. పంపిన ప్రతి వెయ్యి మెయిళ్లకు ఎన్ని కొనుగోళ్లు జరిగాయి, ఎన్ని ప్రత్యుత్తరాలు వచ్చాయి, ఎందరు వద్దన్నారు అన్నవి చూడండి. వీటిని యంత్రాలు అంత తేలికగా నటించలేవు.

అంకెల గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఏ/బీ పరీక్షల గురించి కూడా ఒక మాట. 500 మందికి ఒక సబ్జెక్ట్ లైన్, మరో 500 మందికి వేరొకటి పంపి, ఒకదానికి 10 క్లిక్కులు, మరొకదానికి 13 వచ్చాయని రెండవదాన్ని విజేతగా ప్రకటించే సంస్థలను చాలా చూశాను. ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చు. 2 శాతం ఉన్న క్లిక్కులు 2.5 శాతానికి పెరిగాయని నమ్మకంగా చెప్పాలంటే, గణాంకశాస్త్రంలో సాధారణంగా వాడే ప్రమాణాల ప్రకారం ఒక్కో వైపు దాదాపు 14,000 మంది కావాలి. మీ జాబితా మొత్తం కలిపినా అలాంటి పరీక్ష ఒక్కటే చేయగలుగుతారు. కాబట్టి ఒక పదం మార్చి చూడడం కాకుండా, ఆఫరే మార్చడం, పంపే వర్గాన్నే మార్చడం వంటి పెద్ద తేడాలను పరీక్షిస్తేనే మీకు ఏమైనా తెలుస్తుంది.

‘ఇక మెయిళ్లు వద్దు’ అని చెప్పే అన్‌సబ్‌స్క్రైబ్ లింకును దాచడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే అలవాటు. ఇటీవల ఒక సంస్థ మెయిల్‌ను ఫోన్‌లో తెరిచి చూశాను. పైనుంచి కిందిదాకా ఒకటే పోస్టర్ బొమ్మ. బొమ్మలు దిగకముందు కనిపించింది ఒక తెల్లటి ఖాళీ పెట్టె మాత్రమే. బొమ్మ దిగాక అందులోని అక్షరాలు చదవాలంటే రెండు వేళ్లతో పెద్దవి చేసుకోవలసి వచ్చింది. అట్టడుగున బూడిద రంగు మీద బూడిద రంగులో ‘అన్‌సబ్‌స్క్రైబ్’ అని ఉంది. నొక్కితే లాగిన్ అవ్వమంది. పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? వెనక్కి వస్తే అదే తెర మీద, చేతికందే దూరంలో స్పామ్ బటన్ కనిపిస్తూ ఉంది. వద్దనుకున్న మనిషి ఏది నొక్కుతాడో వేరే చెప్పనక్కరలేదు. పోతున్నవారిని పట్టి ఉంచామని ఆ సంస్థ అనుకుంటుంది. మర్యాదగా వెళ్లిపోవాలనుకున్న మనిషిని ఫిర్యాదుదారుగా మార్చానని దానికి తెలియదు.

ఇప్పుడు ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో పనయ్యే అన్‌సబ్‌స్క్రైబ్ ఏర్పాటు ఉండాలని, వద్దన్నవారిని రెండు రోజుల్లో తొలగించాలని పెద్ద పంపకందారులకు నిబంధన ఉంది. ఇది మెయిల్ అడుగున లింకు పెట్టడంతో తీరదు. పాఠకుడికి కనిపించని మెయిల్ వివరాల భాగమైన హెడర్‌లో ‘లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్’ అనే వరుస, దానికి తోడుగా ‘లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్-పోస్ట్’ అనే వరుస ఉండాలి. అప్పుడే మెయిల్ పైభాగంలో పంపినవారి పేరు పక్కన ఆ బటన్ చూపించే వీలుంటుంది. మీరు వాడే మెయిల్ సాఫ్ట్‌వేర్ ఇది చేస్తోందో లేదో ఈరోజే మీకు మీరే ఒకటి పంపుకుని చూడండి. ఇంకొకటి: జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరించి మిగతాది వేరే పేజీలో చూపిస్తుంది. బరువైన డిజైన్ టెంప్లేట్ల వల్ల కోడ్ అంతకు మించిపోతే, మీరు నిజాయతీగా పెట్టిన అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా పాఠకుడి కంటబడదు.

మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే సాంకేతిక గుర్తింపుల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే వీటిని ఒకసారి సరిగా అమర్చుకుంటే చాలు. ఎస్‌పీఎఫ్ అనేది మీ పేరు మీద ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే జాబితా, డీకిమ్ ప్రతి మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం, డీమార్క్ ఈ రెండూ కుదరనప్పుడు ఏం చేయాలో స్వీకరించే సర్వర్‌కు మీరిచ్చే సూచన. మూడూ ఉండాలి. ఇక్కడ జరిగే తప్పు సాధారణంగా మనుషుల మధ్య జరిగేదే: మార్కెటింగ్ విభాగం ఒక కొత్త సాధనం కొంటుంది, సాంకేతిక విభాగానికి చెప్పదు, ఆ సాధనం సర్వర్లు ఎస్‌పీఎఫ్‌లో ఉండవు. లేదా ఎవరో తెలిసీ తెలియక ఒకే డొమైన్‌కు రెండో ఎస్‌పీఎఫ్ వరుస చేరుస్తారు, దాంతో రెండూ చెల్లకుండా పోతాయి. ఎస్‌పీఎఫ్‌లో డీఎన్ఎస్ (డొమైన్ల వివరాలుండే ఇంటర్నెట్ చిరునామాల పుస్తకం వంటిది) వెతుకులాటలు 10 దాటకూడదన్న పరిమితి కూడా ఉంది. సాధనాలు ఒక్కొక్కటిగా పెరిగిన సంస్థలు తమకు తెలియకుండానే దాన్ని దాటేస్తాయి.

ఇక మెయిల్‌లో ఏముంటుంది అన్న దానికి వద్దాం. ఎవరూ ఏమీ అడగకపోయినా సబ్జెక్ట్ లైన్ ముందు ‘రీ:’ అని పెట్టి జవాబులా కనిపించేలా చేయడం, ‘మీ ఖాతాలో సమస్య ఉంది’ అని భయపెట్టి లోపల డిస్కౌంట్ చూపించడం వంటివి ఒకసారి పనిచేస్తాయి. మోసపోయానని తెలిసిన మనిషి రెండోసారి మీ పేరు చూడగానే స్పామ్ నొక్కుతాడు. ‘నోరిప్లై’ చిరునామా నుంచి పంపడం కూడా తప్పే. మీరు మాట్లాడతారు కానీ వారు మాట్లాడకూడదు అని చెప్పినట్టుంటుంది. నిన్న పూర్తి ధరకు కొన్న వస్తువు మీద ఈరోజు ముప్పై శాతం తగ్గింపు అని అదే మనిషికి మెయిల్ వెళ్లడం నేను పలుమార్లు చూశాను. జాబితా మొత్తాన్ని ఒకే ముద్దగా చూసే సంస్థల్లో ఇది జరగక తప్పదు. కొన్నవారిని కనీసం కొన్ని వారాలపాటు ఆ ఆఫర్ నుంచి మినహాయించే ఏర్పాటు పెద్ద కష్టమేమీ కాదు.

మెయిల్ బయట జరిగే తప్పుల్లో ఒకటే చెబుతాను, మీ అమ్మకాల లెక్కకు అది నేరుగా సంబంధించింది. ఆన్‌లైన్ ప్రకటనల నివేదికల్లో చివరి క్లిక్‌కే మొత్తం ఘనత కట్టబెట్టడం చాలా చోట్ల ఉంది. ఒక వ్యక్తి మీ మెయిల్ చదివి, రెండు రోజుల తర్వాత సెర్చ్‌లో మీ సంస్థ పేరు టైపు చేసి, పైన కనిపించిన మీ ప్రకటననే నొక్కి కొన్నాడనుకోండి, ఘనత ప్రకటనకు పోతుంది, మెయిల్ విఫలమైనట్టు కనిపిస్తుంది. మీ మెయిళ్లు నిజంగా ఎంత అమ్ముతున్నాయో తెలుసుకోవాలంటే జాబితాలో యాదృచ్ఛికంగా పదోవంతు మందిని ఒక నెలపాటు మెయిళ్లు లేకుండా పక్కన ఉంచి, వారి కొనుగోళ్లను మిగతావారితో పోల్చండి. ఏ నివేదిక కంటే ఈ పోలిక ఎక్కువ నిజం చెబుతుంది.

మీ పరిస్థితికి నేను సూచించే క్రమం ఇది. వారానికి మూడు మెయిళ్లు ఇప్పుడే ఆపండి. గడిచిన 90 రోజుల్లో కొన్నవారు, ప్రత్యుత్తరమిచ్చినవారు, నిజమైన క్లిక్ చేసినవారు ఎవరో తీయండి. వారు 40,000లో 6,000 మందే కావచ్చు, పరవాలేదు. కొద్ది వారాలు వారానికి ఒకటి చొప్పున వారికి మాత్రమే పంపండి. పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఫిర్యాదులు 0.1 శాతం లోపు నిలబడి, క్లిక్కులు కూడా పెరుగుతుంటే, ఆరు నెలల్లో ఏదో ఒక కదలిక ఉన్నవారిని కొద్దికొద్దిగా కలపండి. ఏడాదికి పైగా ఏ కదలికా లేనివారికి ‘మా మెయిళ్లు ఇంకా కావాలా’ అని సూటిగా అడిగే ఒకే ఒక మెయిల్‌ను, అది కూడా చిన్న విడతలుగా పంపి, జవాబు రానివారిని తొలగించండి. మీ అధికారులు దీనికి ఒప్పుకోవడం కష్టం, ఎందుకంటే ఇన్నేళ్లు ఆ 40,000 అంకెను చూపించి గర్వపడి ఉంటారు. తొలగించవలసినవారి నుంచి గడిచిన ఏడాదిలో ఒక్క రూపాయైనా వచ్చిందేమో లెక్క తీసి వారి ముందు పెట్టండి.

కొత్తవారిని చేర్చుకునే ఫారంలో ఏం పంపుతారో, ఎన్నిరోజులకు ఒకసారి పంపుతారో ఒక వాక్యంలో రాయండి, చేరినవారికి ధ్రువీకరణ లింకు పంపి దాన్ని నొక్కినవారినే జాబితాలోకి తీసుకోండి. ఇలా చేస్తే చేరేవారు తగ్గుతారు కానీ, తప్పు చిరునామాలూ స్పామ్ ట్రాప్‌లూ దాదాపు లోపలికి రావు. ఏజెన్సీ వారు మళ్లీ లక్ష చిరునామాల మాట ఎత్తితే, వారి జాబితాలోంచి ఏవైనా పది తీసి, ఆ పదిమందీ ఏ తేదీన, ఏ పేజీలో, ఏ వాక్యానికి ఒప్పుకుని మీ సంస్థ నుంచి మెయిళ్లు కోరారో రాతపూర్వకంగా చూపించమని అడగండి.